బైరాన్‌పల్లి బురుజును బల్ల మీద నిలబెట్టడం ఎలా?

ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న బైరాన్‌పల్లి అప్పట్లో జనగామ తాలూకా ఊరు. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైన్యం విరుచుకుపడితే ఊరివాళ్లు బురుజు మీంచి ఎదిరించారు. ఆ బురుజు నమూనాను 1:72 స్కేలులో చేస్తే 6 మీటర్ల ఎత్తు 8.3 సెంటీమీటర్లవుతుంది. అడుగున వెడల్పుగా, పైకి సన్నగా థర్మాకోల్‌ను చెక్కి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను మొనతో రాళ్ల సందులు నొక్కాలి. స్ప్రే పెయింటు నేరుగా కొడితే థర్మాకోల్ కరిగి గుంటలు పడుతుంది. ముందు ఫెవికాల్ కలిపిన ఎర్రమట్టి పూసి ఆరనివ్వాలి. మట్టిని పలచటి గుడ్డలో జల్లించకపోతే ఇసుక రేణువే బండరాయిలా కనిపిస్తుంది. బురుజు పక్కన పెట్టే తాటిమానుకు పాత పెన్సిలు చాలు. తాటిచెట్టు లేనిదే తెలంగాణ ఊరంటే నమ్మబుద్ధి కాదు. బైరాన్‌పల్లి కాకుండా మహబూబాబాద్, భూపాలపల్లి వైపు అడవిని చూపాలంటే బురుజు పని లేదు, పొదలే చిక్కగా పెట్టాలి.