పచ్చిక దున్నించి గోధుమ వేసిన మంత్రి

ఢిల్లీలో ఒక కేంద్ర మంత్రి తన బంగళా ముందున్న పచ్చికను దున్నించి గోధుమ వేయించారు. మెక్సికో నుంచి వచ్చిన పొట్టి రకం గోధుమ మన నేలలో ఎలా పండుతుందో అందరికీ చూపించాలన్నది ఆయన ఉద్దేశం. ఆ మంత్రి చిదంబరం సుబ్రమణ్యం.

1910లో పొల్లాచ్చి దగ్గరి రైతు కుటుంబంలో పుట్టిన ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం, ఆ తర్వాత న్యాయశాస్త్రం చదివారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లారు. రాజ్యాంగ సభలో సభ్యులు. మద్రాసు రాష్ట్రంలో పదేళ్లు మంత్రిగా పనిచేసి 1962లో లోక్‌సభకు వచ్చారు. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి ఆయనకు ఆహార, వ్యవసాయ శాఖ అప్పగించారు. మరుసటి ఏడాది నుంచి వరుసగా రెండేళ్లు వానలు ముఖం చాటేశాయి. 1966లో మనం దిగుమతి చేసుకున్న ధాన్యం కోటి టన్నులు దాటింది.

ఎరువు వేస్తే పడిపోయే పైరు

ఎరువు ఎక్కువ వేస్తే దిగుబడి పెరగాలి కదా? మన పాత గోధుమ రకాలతో అది కుదరలేదు. వాటి కాండం పొడవు. నత్రజని అందగానే మొక్క ఇంకా ఎత్తు పెరిగేది, కంకి బరువెక్కేది. పొడవాటి గెడ కొసన బరువు కట్టి నిలబెడితే ఏమవుతుంది? కొంచెం వంగినా మొదలు మీద పడే బల భ్రామకం ఎక్కువ. గాలివానకు చేను నేలకు ఒరిగేది.

జపాన్‌కు చెందిన నోరిన్ 10 రకంలోని జన్యువులు దీనికి దారి చూపాయి. మొక్క ఎదుగుదలను పెంచే గిబ్బరెల్లిన్ అనే హార్మోన్‌కు ఈ జన్యువులున్న కాండం అంతగా స్పందించదు, అందుకే పొట్టిగా ఉంటుంది. గడ్డికి పోవలసిన శక్తిలో కొంత గింజకు చేరుతుంది. మెక్సికోలో నార్మన్ బోర్లాగ్ ఈ లక్షణంతో కొత్త రకాలు తయారుచేశారు. ఇక్కడ ఎం.ఎస్. స్వామినాథన్ బృందం వాటిని పరీక్షించింది.

విత్తనం ఒక్కటే చాలదు

విదేశీ విత్తనం మీద, ఎరువులకయ్యే విదేశీ మారకద్రవ్యం మీద పార్లమెంటులోనూ బయటా గట్టి అభ్యంతరాలు వచ్చాయి. సుబ్రమణ్యం రైతుల పొలాల్లోనే ప్రదర్శన క్షేత్రాలు వేయించారు. 1966లో 18,000 టన్నుల విత్తనం తెప్పించారు. అప్పటిదాకా అధికారుల చేతిలో ఉన్న భారత వ్యవసాయ పరిశోధన మండలి పగ్గాలు 1965లో తొలిసారి శాస్త్రవేత్త బి.పి. పాల్‌కు దక్కాయి. అదే ఏడాది ధరల సిఫారసుకు వ్యవసాయ ధరల కమిషన్, ధాన్యం సేకరణకు భారత ఆహార సంస్థ ఏర్పడ్డాయి. పంట పెరిగితే ధర పడిపోతుందన్న భయం ఉంటే ఏ రైతు ఎరువు మీద డబ్బు పెడతాడు?

1964-65లో సుమారు 1.23 కోట్ల టన్నులున్న గోధుమ దిగుబడి 1967-68లో 1.65 కోట్లకు, 1970-71లో 2.38 కోట్లకు చేరింది. అయితే 1967 ఎన్నికల్లో సుబ్రమణ్యం ఓడిపోయారు. రికార్డు పంట ఇంటికి వచ్చేసరికి ఆయన మంత్రిగా లేరు.

ఈ పద్ధతికి నీరు, ఎరువు తప్పనిసరి. అందుకే ముందుగా లాభపడింది సాగునీరున్న ప్రాంతాలు. పంజాబ్‌లో భూగర్భజలాలు నేటికీ పడిపోతూనే ఉన్నాయి. 1998లో భారతరత్న అందుకున్న సుబ్రమణ్యం 2000లో కన్నుమూశారు. తక్కువ నీటితో పండే రకాల కోసం ఇప్పుడు వెతుకుతున్న మనకు ఆయన పద్ధతి ఇంకా పనికొస్తుంది: ముందు పొలంలో పరీక్ష, ఆ వెంటనే రైతుకు ధర భరోసా.