నల్లమల నడవబోయే మేనల్లుడికి

నల్లమల మరీ ఎత్తైన కొండల వరుస కాదు. కృష్ణకూ పెన్నకూ నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగే ఈ శ్రేణి సగటు ఎత్తు 500 మీటర్లకు కాస్త పైన. కంభానికి వాయవ్యంగా ఉన్న భైరానికొండ 929 మీటర్లు, గుండ్ల బ్రహ్మేశ్వరం 903 మీటర్లు. హిమాలయాల ఫొటోలు చూసి కొండల మీద మనసు పడిన కుర్రవాళ్లకు ఈ అంకెలు చిన్నవిగానే తోస్తాయి. అయితే ఇక్కడ మనిషిని పడగొట్టేది ఎత్తు కాదు, దాహం. నీరు ఎక్కడుంది, ఏ నెల దాకా ఉంటుంది అన్నది తెలిసినవారికే నల్లమలలో దారి తెలిసినట్టు.

దీనికి కారణం రాతిలోనే ఉంది. ఈ కొండలు వంద కోట్ల ఏళ్లకు పైబడిన కడప శిలాసమూహానివి: క్వార్ట్‌జైట్, పలకరాయి పొరలు మడతలు పడి లేచినవి. క్వార్ట్‌జైట్ గట్టి రాయి. వాన నీటిని తనలో దాచుకోదు, పగుళ్లలోంచి కిందికి వదిలేస్తుంది. అందుకే కొండ నెత్తిన ఉన్న బల్లపరుపు నేల వానలు వెనకబట్టిన కొన్నాళ్లకే ఎండిపోతుంది. దిగిన నీరు కింద, లోయ మొదట్లో, ఊటగా బయటపడుతుంది. సలేశ్వరం, మల్లెలతీర్థం వంటి జలపాతాలన్నీ లోయల్లోనే ఉన్నాయి గానీ శిఖరాల మీద లేవు. గుళ్లు వెలసినా, చెంచు గిరిజనుల పెంటలు, అంటే గూడేలు, నిలిచినా, పులి తిరుగాడినా ఆ ఊటల చుట్టూనే.

పాత యాత్రా మార్గాలు ఈ లెక్కను చక్కగా చూపిస్తాయి. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి శ్రీశైలం పోయే నడకదారి నాగలూటి వీరభద్రుడి గుడి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరుతుంది. దగ్గరి దారి కోసం గుట్టలకు అడ్డంపడి పోదు. మజిలీ మజిలీకీ నీటిపట్టును వెతుక్కుంటూ పోతుంది. కొండవీటి రెడ్డి రాజ్యాన్ని నెలకొల్పిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. శివరాత్రికి, ఉగాదికి ముందు కన్నడ భక్తులు తరలివచ్చే రోజుల్లో ఈ దారి జనంతో నిండిపోతుంది. కాలినడకన నల్లమలను లోపలి నుంచి చూడడానికి ఇంతకన్నా మంచి అదను లేదు. అప్పుడు అటవీశాఖ దారి తెరుస్తుంది, తోడుకు మనుషులుంటారు, మంచినీళ్లు పోసే పుణ్యాత్ములూ ఉంటారు. మిగతా రోజుల్లో అది పులుల అడవి.

భీముని కొలను దగ్గర జాగ్రత్త పడవలసిన సంగతి ఒకటుంది. దారి లోతైన లోయలోకి దిగి, అవతల నిటారుగా ఎక్కుతుంది. మామూలు కొండ నడకలో ఎక్కుడు ముందు, దిగుడు తర్వాత. నల్లమల లోయల్లో అది తలకిందులు. సలేశ్వరంలోనూ అంతే, ముందు దిగాలి, అలసిపోయాక, ఎండ ముదిరాక ఎక్కాలి. దిగేటప్పుడు కాళ్లు తేలిగ్గా ఉన్నాయని నీళ్లన్నీ తాగేసినవారు ఎక్కేటప్పుడు చతికిలబడతారు. చలికాలంలో అయినా పూట నడకకు మనిషికి మూడు నాలుగు లీటర్లు దగ్గరుండాలి. అందులో సగం అయ్యేసరికి ఎక్కడున్నా వెనుదిరగాలి, గమ్యం కంటికి కనిపిస్తున్నా సరే. సలేశ్వరం దారి చైత్ర పౌర్ణమి చుట్టూ కొద్ది రోజులే తెరిచి ఉంటుంది. ఆ రోజుల్లో ఇరుకు దారిలో పైనున్నవారి కాళ్లకింది రాళ్లు కిందివారి మీదికి దొర్లుతాయి. తెల్లవారుజామునే దిగి, జనం పెరగకముందే పైకి వచ్చేయడం మేలు.

కొత్తవారు అహోబిలంతో మొదలుపెట్టాలి. ఎగువ అహోబిలం నుంచి భవనాశి వాగు వెంట జ్వాలా నరసింహుడి దాకా పోయే దారి, రాళ్ల మీద అడుగు వేయడం నేర్పుతుంది. నాచు పట్టిన క్వార్ట్‌జైట్ మీద కాలు నిలవదు. అడుగు పూర్తిగా ఆనించాకే బరువు వేయాలి. అక్కడి నుంచి పైనున్న ఉక్కుస్తంభం అనే బండ శిఖరానికి ఎక్కే దారి వదులు రాళ్లది, ఒకవైపు లోయ. మొదటిసారి వచ్చినవారు జ్వాలా నరసింహుడి దగ్గర ఆగిపోతే పోయేదేమీ లేదు. వానాకాలంలో మాత్రం ఈ దారి పట్టకూడదు. నెత్తిమీద ఎండ కాస్తున్నా, పైన ఎక్కడో కురిసిన వాన భవనాశిని చూస్తుండగానే పొంగిస్తుంది.

భైరానికొండ, గుండ్ల బ్రహ్మేశ్వరం వంటి శిఖరాల మీద ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం, రాష్ట్ర విభజన తర్వాత అమ్రాబాద్ పేరుతో వేరుపడింది. రెండూ కలిసి ఈ అడవిలో ఎక్కువ భాగాన్ని కాపాడుతున్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలో అడుగు పెట్టడం నేరం. నడవాలనుకునేవారు ముందుగా అటవీశాఖ కార్యాలయంలో అడిగి, వారు చూపిన దారిలోనే నడవాలి. శిఖరం ఎక్కలేదన్న వెలితి కొన్నాళ్లుంటే ఉండనీ. ఆ ఎత్తులు మనుషులు లేకుండా మిగలడమే అడవికి మేలు.

కాలం సంగతి. యాత్రల రోజులు పక్కనపెడితే, కార్తీకం నుంచి మాఘం దాకా నడకకు అనువు. వానలు వెలిసిన కొత్తలో గడ్డి నిలువెత్తు పెరిగి, పది అడుగుల అవతల ఏముందో కనిపించదు. ఫాల్గుణం వచ్చేసరికి ఆకు రాలి అడవి బోడిగా ఉంటుంది, నీడ పోతుంది, కార్చిచ్చులు మొదలవుతాయి. కొండ మీద చల్లగా ఉంటుందన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే తగ్గే వేడి ఆరేడు డిగ్రీలు. నంద్యాల మైదానం కంటే ఆరేడు వందల మీటర్ల ఎత్తున నడిచేవారికి దక్కేది నాలుగైదు డిగ్రీలే. కింద 42 ఉంటే పైన 37.

జంతువుల్లో పెద్దపులి కంటే ఎలుగుబంటికి ఎక్కువ భయపడాలి. పులి మనిషి అలికిడి విని తప్పుకుంటుంది. ఎలుగు పుట్ట తవ్వుతూనో, ఇప్పపూలు ఏరుకుంటూనో తన పనిలో మునిగి, దగ్గరికొచ్చేదాకా గమనించదు. గమనించాక బెదిరి మీదపడుతుంది. అందుకే మలుపుల్లో గట్టిగా మాట్లాడుతూ నడవాలి. పెద్ద తేనెపట్లు వేలాడే కొండచరియల కింద మాత్రం దీనికి విరుద్ధం: మాట ఉండకూడదు, పొగ ఉండకూడదు, ఒంటికి అత్తరు వాసనా ఉండకూడదు. పాము కరిస్తే గాటు పెట్టడం, గట్టిగా కట్టు కట్టడం తప్పు. కరిచిన కాలు కదలనీయకుండా మోసుకుంటూ విషానికి విరుగుడున్న ఆసుపత్రికి చేర్చాలి.

చెట్టు తొర్రల్లో చెయ్యి పెట్టడం, వంటకు పుల్లలు విరవడం కూడా మానాలి. నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో పాత చెట్ల తొర్రల్లో నీలిరంగు సాలీడు ఒకటి బతుకుతుంది. గుత్తిలో దొరికిన ఒక సాలీడును బట్టి 1899లో శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు. తిరిగి అడవిలో కనబడడానికి వందేళ్లు పట్టింది. అంత అరుదైన ప్రాణి ఇల్లు ఒక ఎండు మాను కావచ్చు.

ఇన్ని జాగ్రత్తలూ ఒక ఎత్తు, చెంచు మనిషి తోడు ఒక ఎత్తు. హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1943లో వెలువరించిన గ్రంథం చెంచుల జీవితాన్ని బయటి లోకానికి చెప్పింది గానీ, వారి అడవి జ్ఞానం పుస్తకంలోకి ఎక్కేది కాదు. ఏ చెలమలో మాఘం దాటినా నీరుంటుందో, ఏ జాడ నిన్నటిదో వారికే తెలుసు. తోడు వచ్చినందుకు రోజుకూలి ముందే మాట్లాడుకుని, బేరమాడకుండా ఇవ్వాలి. పెంటలోకి పిలవకుండా పోకూడదు, అడక్కుండా ఫొటోలు తీయకూడదు. ఆ మనిషి వెనక్కి పోదామంటే కారణం అడగకుండా వెనుదిరగాలి.

లోయల్లో పొద్దు తొందరగా కుంకుతుంది. మధ్యాహ్నం రెండు దాటితే ఎటువైపు నడిచినా అది తిరుగు దారే కావాలి. సెల్‌ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు గనుక ఏ దారిన పోతున్నదీ, ఎన్నింటికి వస్తామన్నదీ చెక్‌పోస్టులో, ఇంట్లో ముందే చెప్పి, తిరిగి వచ్చాక ఆ రెండు చోట్లా చెప్పాలి. శ్రీశైలం రోడ్డు గేట్లు రాత్రి తొమ్మిదికి మూసి ఉదయం ఆరుకు తెరుస్తారు. బండి రాత్రి గేట్లు మూసేలోపే అడవి దాటేలా చూసుకోవాలి.

ఆశీస్సులతో,
మామయ్య