చారిత్రక వృక్షములు – వాని సంతతి

రచ్చబండ చెంతనున్న ముదుసలి రావిచెట్టు గాలివానకు కూలినచో ఊరివారు కొన్నాళ్లు విచారింతురు. పిమ్మట కలపను వేలము వేయుదురు. అంతటితో దాని కథ ముగిసినదని తలంతురు. ముందుచూపు గలవారుండిన యెడల ఆ కథ ముగియనక్కరలేదు.

ఇందుకు బుద్ధగయలోని బోధివృక్షమే గొప్ప నిదర్శనము. క్రీ.పూ. 3వ శతాబ్దమున అశోకుని కుమార్తె సంఘమిత్ర దాని కొమ్మ నొకదానిని సింహళమునకు కొనిపోయెననియు, అది అనూరాధపురమున నాటబడెననియు మహావంశము చెప్పుచున్నది. అటుపిమ్మట గయలోని వృక్షమునకు పెక్కు ఆపదలు కలిగెను. శశాంకుడను రాజు దానిని నరికించెనని 7వ శతాబ్దపు చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ వ్రాసెను. 1876లో శిథిలమైయున్న వృక్షము గాలివానకు కూలగా, 1881లో పురావస్తు పరిశోధకుడు కన్నింగ్‌హామ్ దాని సంతతికి చెందిన మొక్కను అచటనే నాటించెను. అనూరాధపురపు వృక్షము నేటికిని పచ్చగా నున్నది. దాని మొక్కయే 1931లో సారనాథమున నాటబడెను. సముద్రము దాటిన కొమ్మ యొక్క సంతతి ఈ విధముగా మరల పుట్టినింటికి చేరినది.

ఇంగ్లండునందలి ఊల్స్‌థార్ప్ గ్రామమున న్యూటను ఇంటి ఆపిల్ చెట్టు సుమారు 1820లో కూలెను. దాని కొమ్మలతో అంట్లు కట్టి ఇతర స్థలములందు పెంచిరి. కూలిన మొదలు సైతము మరల చిగిర్చి నేటికిని నిలిచియున్నది.

ఇచట నొక భేదమును గుర్తింపవలెను. విత్తనము నుండి పుట్టినది తల్లిచెట్టునకు బిడ్డ. తండ్రిచెట్టు గుణములును దానియందు కలియును. కొమ్మ నుండి పెంచినది తల్లిచెట్టే. మామిడి రకములు పెక్కింటిని టెంకతో గాక అంటుతో పెంచుట ఇందువలననే. లేతకొమ్మకు చుట్టును బెరడు తీసి, తడిమట్టి కట్టి, వేరు పట్టిన పిదప కోసి నాటుట మఱియొక పద్ధతి. దీనిని గాలి అంటు అందురు.

తల్లిదండ్రులారా! ఈ కార్యము చెట్టు కూలిన పిదప గాక, అది బలముగా నున్నప్పుడే జరుపవలసినది. వానకాలమున పిల్లలచేత రెండు మూడు మొక్కలను సిద్ధము చేయించి, వేర్వేరు తావులందు నాటింపుడు. ఒకచోట ఆపద కలిగినను మఱియొకచోట నిలుచును. రావి, మఱ్ఱి మొక్కలను గోడలకు, నూతులకు దూరముగా నాటుడు. వాని వేళ్లు కట్టడములను చీల్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది వ్రాత. తల్లిచెట్టు ఏ ఊరిది, దానిక్రింద ఏమి జరిగినది, మొక్కను ఏనాడు ఎవరు నాటిరి అను సంగతులను పాఠశాల పుస్తకమున వ్రాయింపుడు. ఆ వ్రాత లేనిచో కొంతకాలమునకు అది పేరులేని చెట్టగును. దానిని నరుకుటకు ఎవ్వరును సంకోచింపరు.