ముందు బండి లోను తీర్చు

రామూ,

నీ ఉత్తరం చేరింది. "జైలుకెళ్లొచ్చినవాడికి అప్పెవడిస్తాడు మావయ్యా" అని రాశావు. ముప్పై ఏళ్లు బ్యాంకులో లోను కాగితాలు చూసినవాణ్ణి, విను. నీకు అడ్డం పడేది కొట్లాట కేసు కంటే ముందు ఆ బండి లోనురా.

సిబిల్ రిపోర్టులో పోలీసు కేసులుండవు. అప్పులు, వాయిదాలు, ఎగవేతలు ఉంటాయి. నువ్వు లోపలున్న పద్నాలుగు నెలలూ బండి వాయిదా కట్టే దిక్కులేదు, అమ్మకి ఆ సంగతే తెలీదు. మేనేజరు ముందు చూసేది అదే. ఏడాదికోసారి రిపోర్టు ఉచితంగా ఇస్తారు, తెప్పించుకో. ఫైనాన్సువాళ్లు "సగం కట్టు, సెటిల్ చేస్తాం" అంటారు. ఒప్పుకోకు. 'సెటిల్డ్' అని పడితే ఏళ్ల తరబడి నిన్ను వదలదు. మొత్తం కట్టేసి నో డ్యూస్ కాగితం పుచ్చుకో. తక్కువపడితే నేను సర్దుతాను, మొహమాటపడకు.

ముద్ర పథకంలో శిశు కింద 50,000 దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. బ్యాంకుకి ఎగవేతదారు కాకూడదంటారు గానీ, శిక్ష పడినవాడు కాకూడదన్న షరతు నేనెక్కడా చూడలేదు. అయినా చివరిమాట మేనేజరుదే.

నేనూ ఒకణ్ణి తిప్పి పంపాను. కుట్టుమిషను కోసం వచ్చాడు. "జైలు మనిషి సార్" అని గుమాస్తా చెవిలో వేశాడు. ఫారం చూడకుండానే "తర్వాత రండి" అన్నాను. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకుని, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఆ తప్పు ఇప్పటికీ నన్ను కాలుస్తూనే ఉంది.

2022లో మహారాష్ట్ర సహకార బ్యాంకు ఎరవాడ జైల్లో ఉన్న ఖైదీలకే 7 శాతం వడ్డీకి 50,000 దాకా అప్పివ్వడం మొదలుపెట్టింది. జైల్లో పనిచేసి సంపాదించే కూలీలోంచే కట్టుకుంటారు. సంపాదన చూశారు, చొక్కా మీద నంబరు చూడలేదు.

ఫారంలో కేసుల గురించి అడిగితే దాచకుండా రాయి. తీర్పు కాపీ, విడుదల కాగితం జత చెయ్యి. దాచింది తర్వాత బయటపడితే నీ మాట మళ్లీ ఎవరూ నమ్మరు. నువ్వు పెట్టబోయే వెల్డింగ్ పనికి కావాల్సిన మెషీనుకి, గ్రైండరుకి కొటేషన్ తీసుకో. చిన్న వ్యాపారాలకి చేయించుకునే ఉద్యం రిజిస్ట్రేషనుకి రూపాయి ఖర్చు లేదు, ఏ ఏజెంటుకీ ఇవ్వకు.

నో డ్యూస్ చేతికి రాగానే ఫోన్ చెయ్యి. బ్యాంకుకి నేనూ వస్తాను.

మీ మావయ్య