ఒంటిపూట బడియు, చట్టము కోరు గంటలును

ప్రశ్న: మా అబ్బాయిది ఏడవ తరగతి. వేసవి ఒంటిపూట బడులు, బతుకమ్మ, దసరా సెలవులు పోగా చట్టము కోరినంత చదువు మిగులునా?
— ఒక తండ్రి, సిద్దిపేట

జవాబు: మీ శంక సహేతుకమే. 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము, తన షెడ్యూలులో, ఒకటి మొదలు ఐదవ తరగతి వరకు ఏటికి 200 పనిదినములును 800 బోధన గంటలును, ఆరు మొదలు ఎనిమిది వరకు 220 దినములును 1000 గంటలును కనీస పరిమితిగా విధించినదే కాని, దినమునకు బడి ఎన్ని గంటలు నడవవలెనో చెప్పక విడిచినది. భాగించి చూచినచో మీ అబ్బాయి తరగతికి దినమునకు సగటున నాలుగున్నర గంటలకు కొంచెము మించి పడును. కావున మార్చి, ఏప్రిల్ మాసముల యెండలకు వెరచి బడిని మధ్యాహ్నమునకే ముగించినను, తక్కిన మాసముల నిండుదినములు ఆ లోటును పూడ్చగలవు. పండుగ సెలవులు పనిదినములలో చేరవు గాన, భారీ వర్షములకు బడులు మూతపడిన యేట చిక్కు వచ్చునది గంటలతో కాదు, ఆ 220తోనే. అట్టియెడ రెండవ శనివారమునను బడి నడుపుట కద్దు. విద్యాశాఖ ఏటేట వెలువరించు విద్యా క్యాలెండరును ప్రధానోపాధ్యాయుల కడ అడిగి చూడుడు. లోటు కనబడినచో 32వ సెక్షను ననుసరించి స్థానికాధికార సంస్థకు లిఖితపూర్వకముగా ఫిర్యాదు చేయవచ్చును. వారు మూడు మాసములలో దానిని తేల్చవలెను. తొమ్మిదవ తరగతికి మాత్రము ఈ షెడ్యూలు వర్తింపదు.