పొగ చూసిన కళ్లు

అది వేసవి కాలం. వాకాడు దగ్గర సముద్రం ఒడ్డున సరివి తోటలు ఉన్నాయి. చెట్ల కింద ఎండిన ఆకు పరుపులా పడి ఉంది. అత్త, కోడలు ఇద్దరూ పొయ్యిలోకి ఆ ఆకు ఊడుస్తున్నారు.

కోడలు తల ఎత్తి చూసింది.

"అత్తా, అదుగో పొగ!" అంది.

ఎవరో బీడీ తాగి పారేశారు. ఆకు అంటుకుంది. మంట ఇంకా చాపంత కూడా లేదు. అయినా అది సముద్రపు గాలి. చూస్తుండగానే పాకుతుంది. అత్త గట్టిగా కేక వేసింది. పక్క తోటలోని ఆడవాళ్లు పరుగెత్తి వచ్చారు. కొందరు పచ్చి కొమ్మలు విరిచి మంట మీద కొట్టారు. కొందరు ఇసుక ఎత్తి పోశారు. కోడలు మంటకు ముందున్న ఆకునంతా దూరంగా ఊడ్చేసింది. తినడానికి ఆకు లేక మంట చచ్చింది.

సాయంత్రం అరుగు మీద కూర్చుని అత్త అడిగింది.

"ఇక్కడ మనం ఉన్నాం కాబట్టి సరిపోయింది. కొండ మీద అడవిలో ఎవరుంటారే? అక్కడ నిప్పు పడితే ఎట్టా తెలుస్తుంది?"

మంచి ప్రశ్న. ఆ సంగతి మనమూ తెలుసుకుందాం.

తిరుమల కొండల్లో మంటలు

మనకు దగ్గరలోనే శేషాచలం అడవులు ఉన్నాయి. ఎర్రచందనం సహజంగా పెరిగే చోటు అది. 2014 మార్చిలో తిరుమల దగ్గర ఈ అడవులు అంటుకున్నాయి. ఎండ, గాలి కలిసి మంటలు పెద్దవయ్యాయి. మనుషులు ఆర్పలేకపోయారు. చివరికి వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి పైనుంచి నీళ్లు పోశాయి.

చాపంత మంటకు పచ్చి కొమ్మ చాలు. కొండంత మంటకు హెలికాప్టర్ కావాలి. కాబట్టి మంటను ఎంత త్వరగా చూస్తే అంత మేలు.

ఆకాశంలో కాపలా

వాకాడు వాళ్లకు శ్రీహరికోట రాకెట్లు కొత్త కాదు. రాకెట్ ఉపగ్రహాన్ని మోసుకుపోయి ఆకాశంలో వదులుతుంది. ఉపగ్రహం భూమి చుట్టూ తిరుగుతూ కింద ఏం జరుగుతుందో చూస్తుంది.

అంత ఎత్తు నుంచి మంట ఎలా కనబడుతుంది? కాలిన పెనం దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ముట్టుకోకుండానే, కళ్లు మూసుకున్నా వేడి తెలుస్తుంది కదా! ఉపగ్రహంలోని యంత్రం కూడా అలాగే వేడిని పసిగడుతుంది. చుట్టుపక్కల కంటే ఒక చోట వేడి బాగా ఎక్కువగా ఉంటే, అక్కడ నిప్పు ఉందని గుర్తిస్తుంది.

మన దేశంలో ఈ పని భారత అటవీ సర్వే సంస్థ చూస్తుంది. అది డెహ్రాడూన్‌లో ఉంది. ఉపగ్రహాల సమాచారం హైదరాబాదు దగ్గర షాద్‌నగర్‌లోని కేంద్రానికి చేరుతుంది. కంప్యూటర్లు దాన్ని లెక్క కడతాయి. ఏ అడవిలో, ఏ చోట నిప్పు ఉందో అటవీ సిబ్బంది సెల్‌ఫోనుకు కబురు వెళుతుంది. వాళ్లు అక్కడికి వెళ్లి ఆర్పుతారు.

ఆలస్యం ఎక్కడ?

ఈ కాపలాలో ఒక లోటు ఉంది. సన్నగా చూడగల ఉపగ్రహాలు 800 కిలోమీటర్లకు పైన తిరుగుతాయి. అవి మన మీదుగా పగలు ఒకటిన్నర ప్రాంతంలో ఒకసారి, రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో మరోసారి పోతాయి. మధ్యాహ్నం మూడింటికి నిప్పు పడితే? వాటికి అర్ధరాత్రి దాటాకే కనబడుతుంది. ఈలోగా ఎంత అడవి కాలిపోతుంది!

శ్రీహరికోట నుంచి 2024 ఫిబ్రవరి 17న ఇన్సాట్-3డీఎస్ అనే ఉపగ్రహం వెళ్లింది. అది 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండి ఎప్పుడూ మన వైపే చూస్తుంది. కానీ అంత దూరం నుంచి చిన్న మంట కనబడదు. దగ్గరున్నది ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఎప్పుడూ ఉన్నది దూరంగా ఉంది. మబ్బు పడితే ఆ మాత్రం కూడా కనబడదు.

యంత్రాలే ఆర్పితే?

అందుకే శాస్త్రవేత్తలు కొత్త దారులు వెతుకుతున్నారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో కొండల మీద వెయ్యికి పైగా కెమెరాలు పెట్టారు. కంప్యూటరే ఆ బొమ్మలు చూసి, పొగ లేస్తే చెబుతుంది. మన దేశంలో కూడా 2024లో మహారాష్ట్రలోని పెంచ్ పులుల అడవిలో ఇలాంటి కెమెరా పెట్టారు.

2023లో ఎక్స్‌ప్రైజ్ అనే అమెరికా సంస్థ ఒక పోటీ పెట్టింది. వెయ్యి చదరపు కిలోమీటర్ల మేర ఎక్కడ ప్రమాదపు మంట లేచినా, పది నిమిషాల్లో యంత్రాలే కనిపెట్టాలి. ఆ పది నిమిషాల్లోనే యంత్రాలే ఎగిరి వెళ్లి ఆర్పాలి. మనిషి చెయ్యి పడకూడదు. ఇంకో షరతు కూడా ఉంది. ప్రమాదం లేని మంట జోలికి యంత్రం పోకూడదు. వంట పొయ్యి ఏదో, అడవిని కాల్చే నిప్పు ఏదో దానికి తెలియాలి.

ఆ తేడా మనకు చూడగానే తెలుస్తుంది. యంత్రానికి నేర్పడం మాత్రం చాలా కష్టం.

మనం ఏం చేయాలి?

మన దేశంలో అడవి మంటలు చాలావరకు మనుషుల వల్లే వస్తాయి. కాబట్టి వాటిని ఆపడం కూడా మన చేతుల్లోనే ఉంది.

- బీడీ, అగ్గిపుల్ల ఆర్పకుండా పారేయవద్దు. మగవాళ్లకు కూడా చెప్పాలి.
- కొత్త గడ్డి కోసం పాత గడ్డికి నిప్పు పెట్టవద్దు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం.
- పొగ చూస్తే వెంటనే పదిమందిని పిలవాలి. 101కి గానీ, 112కి గానీ ఫోను చేయాలి. ఊరి పేరు, చోటు గుర్తు చెప్పాలి.
- చిన్న మంటనే ఆర్పాలి. గాలి మన వైపు వీస్తుంటే ఎదురుగా నిలబడరాదు. నైలాను చీరతో మంట దగ్గరికి పోరాదు. మంట పెద్దదైతే దూరంగా వచ్చేయాలి. ప్రాణం ముఖ్యం.

ఇదంతా విని అత్త నవ్వింది.

"అయితే ఆకాశంలో ఎన్ని కళ్లున్నా, ముందు చూడాల్సింది మనమేగా!" అంది.

కోడలు లోపలికి వెళ్లింది. పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తెచ్చింది. గోడ మీద పెద్దగా 101, 112 అని రాసింది.

అత్త కూడబలుక్కుని రెండు అంకెలూ చదివింది.

కొత్త మాటలు

ఉపగ్రహం: భూమి చుట్టూ తిరిగేలా మనిషి పంపిన యంత్రం
పసిగట్టు: ముందుగా తెలుసుకొను
సిబ్బంది: పనిచేసే ఉద్యోగులు

చెప్పండి

1. కోడలు మంటకు ముందున్న ఆకును ఎందుకు ఊడ్చింది?
2. మధ్యాహ్నం మూడింటికి పడిన నిప్పు ఉపగ్రహానికి ఎందుకు ఆలస్యంగా కనబడుతుంది?
3. మీ ఊరి చుట్టూ నిప్పు పడే ప్రమాదం ఎక్కడ ఉంది? నలుగురూ కూర్చుని మాట్లాడండి.
4. 101, 112 నంబర్లను మీ ఇంట్లో అందరికీ కనబడే చోట రాయండి.