తీర్పు తీర్చువారికిని తీర్పు కలదు

నాయకులును, సంస్థలును, న్యాయమును నడుపువారును చేయు పనులను ప్రజలు పరిశీలింపవచ్చునా? అది పెద్దలను అవమానపరచుట కాదా? మూడువందల సంవత్సరముల క్రిందట పుదుచ్చేరి పట్టణములో జరిగిన ఒక వ్యాజ్యము ఈ ప్రశ్నకు జవాబిచ్చుచున్నది.

1. వ్యాజ్యము

నైనియప్ప పిళ్ళై పుదుచ్చేరిలో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీకి ముఖ్య దుబాసీ. కంపెనీవారికిని ఈ దేశపు వర్తకులకును నడుమ బేరములు కుదుర్చుట ఆయన పని. ఆయన క్రైస్తవుడు కాడు. అంతటి పదవిలో క్రైస్తవుడే యుండవలెనని జెస్యూటు గురువులు చాలకాలము పట్టుబట్టిరి. 1716లో గవర్నరు ఎబేరు ఆయనను చెరలో వేయించెను. ప్రజలను పీడించెననియు, రాజద్రోహమునకు పురికొల్పెననియు నేరము మోపబడెను. కొరడా దెబ్బలు, 3 సంవత్సరముల చెర, ఆస్తి జప్తు శిక్షగా విధింపబడెను. 1717లో ఆయన చెరలోనే మరణించెను.

2. లోపము ఎక్కడ నున్నది?

పైకి చూచినచో అన్నియు సక్రమముగానే జరిగెను. న్యాయసభ కూడెను, సాక్షులు వచ్చిరి, సంతకములు పడెను. అయితే ఆ సభలో కూర్చున్నవారు కంపెనీ ఉద్యోగులే. వారికి పెద్ద ఆ గవర్నరే. పరిపాలించు చెయ్యియే తీర్పు వ్రాసెను.

మరియు విచారణ ఫ్రెంచి భాషలో వ్రాయబడెను. నైనియప్పకు ఆ భాష రాదు. జీవితమంతయు ఇతరుల మాటలను ఇరుపక్షములకు తెలియజేసినవాడు తన ప్రాణము మీదికి వచ్చినప్పుడు మరియొక దుబాసీ నోటిమాటపై ఆధారపడవలసి వచ్చెను. తమకు తెలియని భాషలోని కాగితములపై సంతకము చేసితిమని సాక్షులలో కొందరు తరువాత చెప్పిరి. ఒకని మాట వినకమునుపే అతనికి తీర్పు తీర్చుట ధర్మమా అని నీకొదేము పెద్దల సభలో అడిగెను గదా! చెవి యుండుట వేరు, వినుట వేరు.

3. పరిశీలన ఫలితము

నైనియప్ప పక్షమున విజ్ఞప్తులు సముద్రము దాటి ఫ్రాన్సు చేరెను. పుదుచ్చేరి వ్రాతలను అక్కడివారు తిరిగి చదివిరి. 1718లో ఎబేరు పదవి పోయెను; అతడే బంధింపబడి ఫ్రాన్సునకు పంపబడెను. నైనియప్పపై నిచ్చిన తీర్పు కొట్టివేయబడెను. ఆయన కుమారుడు గురువప్ప ఫ్రాన్సునకు వెళ్లి, తిరిగివచ్చి, తండ్రి పదవిని పొందెను. అయినను చెరలో పోయిన ప్రాణము తిరిగి రాలేదు. ఆలస్యముగా జరిగిన పరిశీలన పేరును నిలిపెను గాని మనిషిని నిలుపలేదు.

ఈ కుటుంబములోని వాడే ఆనందరంగ పిళ్ళై. తెలుగు కవి కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమును అంకితమిచ్చినది ఈయనకే. ఈయన 1736 మొదలుకొని 1761లో మరణించు కాలము వరకు పుదుచ్చేరి అధికారుల నడవడిని తన దినచర్యలో వ్రాసియుంచెను. అధికారులు గతించిరి; వ్రాత నిలిచెను.

4. మనకు పాఠము

పరిశీలన యనగా నింద కాదు. నిందించువాడు ముందే తీర్పు చేసికొని వచ్చును. పరిశీలించువాడు కాగితమును చూపుమనును, ఇరుపక్షములను వినును. ఎబేరునకు విరోధముగా పలికినవారు కేకలు వేసి ఊరకొనినయెడల ఆ తీర్పు నేటికిని నిలిచియుండెడిది. వారు వ్రాతలను పట్టుకొనిరి.

మతాసక్తి అన్యాయమునకు సాకు కానేరదు. మనవాడు పదవిలోనికి రావలెనను కోరిక ఎదుటివానిలో నేరము వెదకుటకు దారితీయును. సంఘములోనైనను, పాఠశాల కమిటీలోనైనను, న్యాయస్థానములోనైనను, తన లెక్కలను ఇతరులు చూచుటకు సమ్మతించు నాయకుడే నమ్మదగినవాడు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. నైనియప్ప విచారణలో న్యాయము తప్పిన చోట్లు ఏవి?
2. నిందకును పరిశీలనకును భేదమేమి?
3. మీ సంఘములో ఒకనిపై ఫిర్యాదు వచ్చినప్పుడు, అతనికి తెలిసిన భాషలో, అతని యెదుట, అతని మాట వినబడుచున్నదా?